వల కట్టేదాకా

నదిలోంచి పైకి తీసినప్పుడు ఆయన ఒంటిమీద సేఫ్టీ బెల్టు లేదు. ఈ మాట తర్వాత కోర్టులో చెప్పాను, మీటింగుల్లో చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. చెప్పాల్సిన రోజున మాత్రం చెప్పలేదు.

ఆయన వంతెన మీద బోల్టులు బిగించేవాడు. నాకు వరసకు ఏమీ కాడు, అయినా అన్నా అని పిలిచేవాణ్ణి. రెండు కొండల మధ్య వేలాడే వంతెన అది, ఇంకా కడుతున్నాం. కింద నాలుగు వందల అడుగుల లోతున నది. చివరి ఇనప పలక అంచున నడుం వంచి రెంచీ తిప్పుతుంటే కాలు జారింది. మధ్యాహ్నం రెండింటికి పడ్డాడు. రెండు మలుపుల దిగువన, రాళ్ళ సందులో నాలుగున్నరకి దొరికాడు. మోసుకొచ్చి గట్టు మీద పడుకోబెట్టాం.

సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. శవం వంక ఒక్కసారి చూసి స్టోరుకి ఫోన్ చేశాడు. కాసేపటికి జీపులో కొత్త బెల్టు వచ్చింది. ఇద్దరు గార్డులు ఆయన నడుం ఎత్తి పట్టుకున్నారు. మూడోవాడు బెల్టు తొడిగి, దాని కొక్కెం పక్కకు వేలాడేటట్టు సర్దాడు. ఫొటోలు తీశారు.

"బెల్టు ఇచ్చాం. తగిలించుకోలేదు. అతని నిర్లక్ష్యమే కారణం" అని ఆఫీసరు రాసుకుంటూ పైకే చదివాడు.

అరవైమందిమి చూస్తున్నాం. ఒక్కడూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. నేను వించ్ ఆపరేటర్ని. మనుషుల్నీ సామానునీ పైకి లాగే, కిందికి దించే యంత్రం నా చేతిలో ఉంటుంది. పెర్మనెంటు చేస్తామని అప్పటికి రెండేళ్ళుగా ఊరిస్తున్నారు.

అంతలో ఆయన భార్య, మా వదిన, పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమెదీ సైటులోనే పని. కాంక్రీటులో వేసే ఇనప చువ్వలకు తీగలు కడుతుంది. ఆ తీగ చుట్ట భుజాన అలాగే ఉంది. ఆయన పక్కన కూలబడింది. ముఖం తడిమింది, చొక్కా తడిమింది, చేతులు తడిమింది. నడుం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఒళ్ళంతా తడిసి ముద్దయింది" అంది. "బెల్టు పొడిగా ఉందేంటి?"

ఆఫీసరు వైపు తిరిగింది.

"నిన్నే అడుగుతున్నా అయ్యా. నీళ్ళలోంచి తీసిన మనిషికి పొడి బెల్టు ఎక్కడిది?"

సేఫ్టీ ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పాపం, ఆవిడ షాక్‌లో ఉంది. ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు.

తీసుకెళ్ళాం. మేమే తీసుకెళ్ళాం.

మా గట్టున రెండువందల మందిమి ఉండేవాళ్ళం. నది వెంబడి రేకుల షెడ్లు, ఒక్కో షెడ్డులో రెండేసి కుటుంబాలు, మధ్యలో గోనెపట్టా అడ్డం. ఉదయం సైరన్ కూస్తే అందరం గేటు దగ్గర చేరేవాళ్ళం. నేను టవరు కింద ఉన్న గదిలో కూర్చుని లివర్లు పట్టుకునేవాణ్ణి. నాకు వంతెన కనిపించేది కాదు. పైనుంచి ఫోను మోగేది, "లాగు", "ఆపు", "దించు". అంతవరకే నా పని.

అవతలి గట్టున ఇంకో రెండువందల మంది. వాళ్ళకి వేరే కాంట్రాక్టరు. ఇద్దరూ ఒకే కంపెనీకి పనిచేస్తున్నా, మమ్మల్ని మాత్రం పందెపు కోళ్ళలా ఎగదోసేవాళ్ళు. ఇటు నుంచి మేము, అటు నుంచి వాళ్ళు, ఒక్కో పలకా వేలాడదీసుకుంటూ నడిమికి రావాలి. గేటు దగ్గర బోర్డు పెట్టి రోజూ రాసేవాళ్ళు: అవతలి గట్టు పద్దెనిమిది, ఇవతలి గట్టు పదహారు. ఆ బోర్డు చూసి మాకు పౌరుషం వచ్చేది. అంత బుద్ధిలేని వాళ్ళం.

రెండువందల మందికి స్టోరులో ఉన్న బెల్టులు నలభై. పైనుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున బయటికి తీసేవాళ్ళు. ఆయన కారు మలుపు తిరగ్గానే లెక్కపెట్టి మళ్ళీ లోపల పెట్టేవాళ్ళు.

అన్న పోయిన వారానికి పదిమందిమి మేనేజరు దగ్గరికి వెళ్ళాం. ముందు మా మోకుతాత నడిచాడు. తాళ్ళు, మోకులు, కప్పీలు ఆయన పని. ముప్ఫై ఏళ్ళలో ఆరు వంతెనలు కట్టినవాడు. కోపం తక్కువ, నిదానం ఎక్కువ.

"అందరికీ బెల్టులు ఇవ్వండి. పనిచేసే చోట కింద వల కట్టించండి" అన్నాడు తాత.

మేనేజరు మంచిగానే మాట్లాడాడు. కుర్చీలు కూడా వేయించాడు. "వల మన ప్లానులో లేదు పెద్దాయనా. ఉన్నపళంగా ఎక్కణ్ణించి తెస్తాం? అవతలి గట్టు వాళ్ళు ఇదే పని చేస్తున్నారు. ఒక్కరైనా అడిగారా? వాళ్ళు బెల్టులు తగిలించుకుని జాగ్రత్తగా ఉంటారు. మనవాళ్ళు తాగి ఎక్కుతారు. ఆయన కూడా ఆ రోజు…"

"ఆయన జన్మలో తాగలేదు" అన్నాను నేను. అదే నేను మాట్లాడిన మొదటి మాట.

మేనేజరు నావైపు తిరిగాడు. "నీ పెర్మనెంటు కాగితం ఈ నెల్లోనే పైకి పంపాలనుకుంటున్నాను" అన్నాడు.

రెండో మాట నా నోట్లోంచి రాలేదు.

ఆ ఆదివారం షెడ్ల మధ్య ఖాళీ జాగాలో మీటింగ్ పెట్టుకున్నాం. అరుపులు, తిట్లు. ఒకడు పని మానేద్దామంటాడు, ఇంకొకడు మానేస్తే తినేదేంటంటాడు. గంటన్నర అయినా తెగలేదు. వెనక ఆడవాళ్ళలో కూర్చున్న వదిన లేచింది.

"వల వాళ్ళు కట్టకపోతే మనం కడదాం" అంది.

మగవాళ్ళలో కొందరు నవ్వారు.

"మా అమ్మ వాళ్ళది నది సముద్రంలో కలిసే చోటు. వలలు అల్లే బతికాం. పెళ్ళయ్యేదాకా నేను చేసింది అదే పని. స్టోరు వెనక పాత నైలాన్ మోకులు గుట్టగా పడున్నాయి. విప్పితే కావలసినంత తాడు."

మోకుతాత గడ్డం గోక్కున్నాడు. "చేపకీ మనిషికీ తేడా ఉందమ్మా. అంత ఎత్తునుంచి పడే మనిషి బరువుకి ముడి జారితే వల ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"జారని ముడి వేస్తాను తాతా. నువ్వే లాగి చూడు. నీకు నచ్చేదాకా వలలో ఒక్క కన్ను కూడా అల్లను."

అప్పుడు వదిన తమ్ముడు ముందుకొచ్చాడు. ఇరవయ్యారేళ్ళ వాడు. మా సైటు మొత్తానికి వాడు బావమరిదే. "నాకు రెండొందల మంది బావలున్నారు, ఒక్కడూ టీ ఇప్పించడు" అని రోజూ క్యాంటీను దగ్గర గొడవ. బావ పోయాక ఆ బోల్టుల పని వాడికే ఇచ్చారు. "అక్కా, నువ్వు అల్లు. ముందు నేనే దూకుతా. నేను చస్తే ఈ బావలందరికీ టీ ఖర్చు మిగులుతుంది" అన్నాడు. ఆ రోజు మా షెడ్లలో చాలా రోజుల తర్వాత నవ్వు వినపడింది. వదిన మాత్రం నవ్వలేదు.

మొదట ఒక మంచమంత ముక్క అల్లింది. వెదురు చీల్చి సూది చేసుకుంది. కన్ను కన్నుకీ కొలత తప్పకుండా ఒక చెక్కముక్క పెట్టుకుంది. ఆ ముక్కని నీళ్ళ ట్యాంకు కింది ఇనప స్తంభాలకు కట్టాం. ముందు ఇసుక మూట పడేశాం. ఆగింది. రెండు మూటలు కలిపి పడేశాం. ఆగింది. మోకుతాత ముడులన్నీ ఒక్కొక్కటీ గోటితో గీరి చూశాడు. తర్వాత బావమరిది ట్యాంకు మీదికెక్కి, చెప్పులు విప్పి పెట్టి, "జాగ్రత్త, కొత్తవి" అని కేకేసి దూకాడు. వల సాగింది, వాణ్ణి పైకెగరేసి మళ్ళీ పట్టుకుంది. వాడు అందులోనే పడుకుని చేతులు తల కింద పెట్టుకున్నాడు. "అక్కా, ఇక్కడే ఉంటానే. షెడ్డుకంటే నయంగా ఉంది."

అప్పటినుంచి ముప్ఫై రెండు రోజులు. పని దిగిన ఆడవాళ్ళు దిగినట్టే వచ్చి కూర్చునేవాళ్ళు. ముసలివాళ్ళు మోకులు విప్పేవాళ్ళు. వేళ్ళు కోసుకుపోతే గుడ్డ చుట్టుకుని మళ్ళీ అల్లేవాళ్ళు. వదిన ఒక్కొక్కరి వెనకా నిలబడి ముడి చూసేది. సరిగ్గా లేకపోతే ఏమీ అనేది కాదు, విప్పి చేతికిచ్చేది. చువ్వలు కట్టే ఒకామె ఒకసారి విసుక్కుంది. "ఒక్క ముడి వదులైతే ఏమవుతుంది?"

"ఆ ముడి మీద మీ ఆయన పడతాడనుకుని వెయ్యి" అంది వదిన. ఆమె మళ్ళీ విసుక్కోలేదు.

సెలవు రోజు చూసుకుని వల కట్టాం. ఎవర్నీ అడగలేదు. మోకుతాత మనుషులు అంచు తాళ్ళు బిగించారు. నేను వించ్‌తో వలని పైకి లాగాను. నా చేత్తో లాగాను. పైనుంచి ఫోనులో "చాలు, చాలు, అందింది" అని అరుస్తుంటే వెనక అందరూ ఈలలు వేయడం వినిపించింది.

అది రెండు రోజులుంది. ఆ రెండు రోజులు పనిచేసిన వాళ్ళు చెప్పేవాళ్ళు: పైన నడుస్తుంటే మొదటిసారి పాదాల వంక కాకుండా ముందుకి చూసి నడిచామని. బావమరిది సాయంత్రం దిగివచ్చి అక్కతో అన్నాడట, "ఈ కొండల్లో ఇన్ని పిట్టలున్నాయని ఇప్పుడే తెలిసిందే."

మూడో రోజు పొద్దున మేనేజరు నా గదిలోకి వచ్చాడు. సేఫ్టీ ఆఫీసరు, నలుగురు గార్డులు వెంట ఉన్నారు.

"వల దించు."

"ఎందుకు సార్?"

"అనుమతి లేని సామాను. గాలికి ఊగి వంతెనకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిది? రేపు పెద్ద కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఈ చిరుగుల వల చూస్తే ఏమనుకుంటారు? పైన గార్డులు తాళ్ళు కోస్తారు. నువ్వు దించు."

నేను లేవలేదు. మేనేజరు బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. నా పెర్మనెంటు కాగితం. దాని పక్కన ఇంకొకటి పెట్టాడు. అది నన్ను తీసేసిన కాగితం. రెండింటి మీదా సంతకం చేసి ఉంది.

"నువ్వు కాకపోతే షిఫ్టు మారాక ఇంకొకడు దించుతాడు" అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. నేను కాకపోతే ఇంకొకడు. మీలో చాలామంది ఏదో ఒక రోజు ఈ మాట అనుకుంటారు. అనుకున్నప్పుడు నన్ను గుర్తు చేసుకోండి. లివరు కిందికి నొక్కాను. వల దిగింది. గార్డులు దాన్ని చుట్టచుట్టి స్టోరులో పడేసి తాళం వేశారు. కిటికీలోంచి చూస్తే గట్టు మీద చువ్వల కట్టల మధ్య వదిన నిలబడి ఉంది. తల పైకెత్తి ఖాళీ జాగా వంక చూస్తోంది. నా గది వైపు తిరగలేదు.

మర్నాడు పదకొండు గంటలకి ఫోను మోగింది.

"ఆపు."

ఆపాను. "ఏమైంది?" అన్నాను. అవతల ఊపిరి శబ్దం తప్ప ఏమీ లేదు.

"ఏమైందిరా?"

"బావమరిది" అన్నాడు పైనవాడు. అని ఫోను పెట్టెయ్యలేదు. అలాగే పట్టుకుని ఉన్నాడు. నేనూ పట్టుకునే ఉన్నాను.

ఆ సాయంత్రం వదిన నా గదికి వచ్చింది. అప్పటికింకా శవం దొరకలేదు. ఆమె వస్తుంటే లేచి పారిపోదామనిపించింది. గడపలో నిలబడింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"వల నువ్వే దించావా?"

"నేనే దించాను వదినా."

"దించేటప్పుడు ఎక్కడైనా తెగిందా? ముడి ఏదైనా ఊడిందా?"

"లేదు వదినా. ఒక్కటి కూడా ఊడలేదు."

చేతి వేళ్ళ వంక చూసుకుంది. అన్నీ పగుళ్ళు.

"అయితే వాణ్ణి పట్టుకునేదే" అంది.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆమె వెళ్ళాక పెర్మనెంటు కాగితం నాలుగు ముక్కలు చేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ రాలేదు. అయినా చేశాను.

రెండో రోజు దిగువన ఇసుక మేటలో దొరికాడు. ఈసారి సేఫ్టీ ఆఫీసరుని శవం దగ్గరికి రానివ్వలేదు. రెండువందల మందిమి చుట్టూ నిలబడ్డాం. స్టోరు నుంచి జీపు వచ్చింది. అందులో బెల్టు ఉందని అందరికీ తెలుసు. మోకుతాత జీపుకి అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నాడు. "నన్ను దాటుకుని పొండి" అన్నాడు. డ్రైవరు ఇంజను ఆపేసి తాళం చెవి తాత చేతిలో పెట్టి దిగిపోయాడు.

ఆ గట్టు మీదే మీటింగ్ జరిగింది. నేను లేచి చెప్పాను. వల దించింది నేనే అని, ఎందుకు దించానో, కాగితాల సంగతి, మొదటి రోజు బెల్టు తొడుగుతుంటే చూసి ఊరుకున్న సంగతి, అన్నీ. ఒకడు నా గల్లా పట్టుకున్నాడు. నేను చెయ్యి ఎత్తలేదు. వదిన వచ్చి వాడి చెయ్యి తీసేసింది.

"వదిలెయ్. చెప్పాడుగా" అంది. "లివరు ఇతని చేతిలో ఉంది, నిజమే. రెంచీలు మీ చేతుల్లో లేవా? మొన్న వల లేదని తెలిసీ మీరు పైకెక్కలేదా? నా తమ్ముడు ఎక్కలేదా? ఆ పొద్దున వాణ్ణి నేనే లేపి పంపాను. ఇక్కడ ఎవరిది తప్పు కాదో చెప్పండి."

మర్నాటి నుంచి పని ఆగింది.

పదకొండు రోజులు ఆపాం. కంపెనీ నీళ్ళ ట్యాంకరు ఆపేసింది. దుకాణంలో సరుకులు ఇవ్వొద్దంది. మేము నది నీళ్ళు కాచుకుని తాగాం. అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ కోసింది మాత్రం ఎదురు గట్టు. అక్కడ పని ఆగలేదు. పొద్దున్నే వాళ్ళ సైరన్ లోయంతా వినపడేది. గేటు దగ్గర బోర్డు మీద వాళ్ళ అంకె పెరుగుతూ ఉండేది. మా వంతు పలకలు కూడా వాళ్ళకే ఇచ్చేస్తారని పుకారు పుట్టించారు.

"వాళ్ళు మనుషులు కారు" అన్నారు మావాళ్ళు.

"ఎప్పుడైనా మాట్లాడి చూశారా?" అంది వదిన.

మాట్లాడలేదు. రెండేళ్ళు ఎదురెదురుగా పనిచేశాం. ఒక్క మాట లేదు.

పన్నెండో రోజు పొద్దున ఆమె టవరు ఎక్కింది. వించ్ గదికి కంపెనీ తాళం వేసుకుంది కాబట్టి మెట్లే గతి. నాలుగు వందల పన్నెండు ఇనప మెట్లు. ఆమె వెనక వల అల్లిన ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మేము. గార్డులు అరుస్తూ నిలబడ్డారు కానీ అంతమందిని పట్టుకోలేకపోయారు. టవరు మీంచి అటు టవరు దాకా పెద్ద కేబుల్ కిందుగా కట్టిన సన్నటి తీగబాట ఉంది. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. నడుస్తుంటే ఊగుతుంది. సగం మంది ఆడవాళ్ళు ఎప్పుడూ పైకెక్కినవాళ్ళు కారు. ముందున్న మనిషి వీపు మీద చూపు నిలిపి నడిచారు. వదిన మాత్రం ఒకచోట ఆగి కిందికి చూసింది. అక్కడే ఇద్దరూ పడింది. వెనక ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె మళ్ళీ నడిచాకే నడిచాం.

నడిమికి వచ్చేసరికి అవతలివాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వాళ్ళ నాయకుడు ముందుకొచ్చాడు. భారీ మనిషి. మైకు లేకుండానే లోయంతా వినపడే గొంతు. అందుకే వాళ్ళు అతన్ని మైకు అని పిలిచేవాళ్ళు.

"ఏంటమ్మా, మా పని ఆపించడానికొచ్చారా? మీవాళ్ళు తాగి పడితే మేమేం చేస్తాం?"

"మీకు అలా చెప్పారా?"

"అందరికీ తెలిసిందేగా."

"మాకేమో మీ అందరికీ బెల్టులున్నాయని చెప్పారు" అంది వదిన. అతని నడుం వంక చూసింది. తాడు ముక్క కట్టుకుని ఉన్నాడు. "మీ గట్టున ఎంతమంది పడ్డారన్నా?"

మైకు వెనక నిలబడ్డ వాళ్ళ వంక చూశాడు.

"ముగ్గురు" అన్నాడు. ఆ మాట మాత్రం చాలా చిన్నగా అన్నాడు.

"మాకు తెలీదు."

"ఎవరికీ చెప్పొద్దన్నారు."

"మా ఆయన పడ్డాడు, మా తమ్ముడు పడ్డాడు. మీరిలాగే చేస్తుంటే ఇంకొకడు పడతాడు. వాడెవడో నాకు తెలీదు, నీకు తెలీదు, వాడికీ తెలీదు. పొద్దున లేచి ఇంట్లో చెప్పి వచ్చే ఉంటాడు. వాడి తరఫున అడగడానికొచ్చాను. ఇంకేం లేదు."

తీగబాట మెల్లగా ఊగుతోంది. మైకు నడుముకున్న తాడు ముక్క విప్పాడు. చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి గొంతెత్తాడు. ఆ కేక రెండు గట్లకీ వినపడింది.

"దిగండిరా అందరూ. ఇవాళ్టికి పని లేదు."

పోలీసులు అప్పటికే అవతలి టవరు లిఫ్టులో పైకి వచ్చారు. వదిన చేతులు పట్టుకున్నారు. ఆమె పెనుగులాడలేదు. కిందికి దించుదామని లిఫ్టు దగ్గరికి తీసుకెళితే లిఫ్టు కదల్లేదు. అవతలి గట్టు వించ్ ఆపరేటరు స్విచ్ కట్టేసి బయటికొచ్చి నిలబడ్డాడు. నేనెప్పుడూ చూడని మనిషి. నేను చేయాల్సిన పని ఆయన చేశాడు.

దాంతో నడిపించే దించాల్సి వచ్చింది. అవతలి గట్టు కార్మికులు మెట్ల పొడుగునా రెండు పక్కలా ఇనప కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. పోలీసులు ఆమెని తొయ్యకుండా, ఆమె కాలు జారకుండా, ఆ కార్మికులే ఒకరి తర్వాత ఒకరు చెయ్యి అడ్డుపెట్టి దించారు. ఆమెతోపాటు మైకుని, ఇంకో ఆరుగురిని పట్టుకెళ్ళారు. మైకుని వారానికి వదిలారు. వదినకి మాత్రం బెయిలు రాలేదు. వంతెన కూల్చడానికి కుట్ర చేసిందని కేసు రాశారు. వల అల్లిన మనిషి మీద ఆ కేసు.

రెండు గట్లూ ఎనిమిది రోజులు ఆగేసరికి కంపెనీ దిగివచ్చింది. మా మేనేజరు మమ్మల్ని పిలిచి స్టోరు తాళం తీయించాడు. "మీ వల మీరు కట్టుకోండి. బెల్టులు కూడా అందరికీ ఇస్తాం. రేపట్నుంచి పనిలోకి రండి" అన్నాడు. మేము ఎగిరి గంతేశాం. వల పైకెళ్ళింది. షెడ్లలో పొయ్యిలు వెలిగాయి. అవతలి గట్టు సంగతి అడిగినవాడు లేడు. ఎవరో అడగబోతే, "వాళ్ళ కాంట్రాక్టరు వేరు, వాళ్ళది వాళ్ళు చూసుకుంటారు" అన్నాం. ఒంటరిగా మిగిలిన అవతలివాళ్ళు రెండు రోజులాగి వల లేకుండానే పనిలోకి వెళ్ళారు.

ఆ తర్వాతి వారం నేనూ మోకుతాతా జైలుకి వెళ్ళాం. వదిన చిక్కి సగమైంది. కటకటాల అవతల బెంచీ మీద కూర్చుంది.

"వదినా, నిన్న ఒకడు పడ్డాడు. మన రంగులేసే అతను, కళ్ళజోడు మనిషి. వలలో పడ్డాడు. బతికాడు."

ఆమె కదల్లేదు. "దెబ్బలేమైనా?"

"ఏమీ లేదు. కళ్ళజోడు మాత్రం నదిలో పోయింది. పైకి లాగగానే మొదట అన్న మాట, నా జోడేది అని."

వదిన నవ్వింది. నవ్వు నవ్వుగానే మొదలైంది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఆయన పోయినప్పుడు, తమ్ముడు పోయినప్పుడు చూడని ఏడుపు అప్పుడు చూశాను. "ఒక్క రోజు" అంటోంది. "ఇంకొక్క రోజు ఉంచి ఉంటే." నేను తల దించుకున్నాను.

చాలాసేపటికి ముఖం తుడుచుకుంది.

"అవతల కట్టారా?"

నేను తాత వంక చూశాను. తాత గొంతు సవరించుకున్నాడు. "ముందు మనదయింది కదమ్మా. మెల్లగా వాళ్ళదీ…"

"పని జరుగుతోందా అక్కడ?"

"జరుగుతోంది."

"వల లేకుండా?"

తాత తలూపాడు.

"తాతా, నన్ను మెట్లు దించుతుంటే కాలు జారకుండా చెయ్యి అడ్డం పెట్టింది ఎవరు? మనవాళ్ళా?"

"వాళ్ళే."

"మరి మీరు పనిలోకి ఎలా వెళ్ళారు?"

టైమైపోయిందని జైలు మనిషి వచ్చి ఆమెని లేపాడు. తలుపు దాకా వెళ్ళి ఒకసారి తిరిగి చూసింది.

ఆ సాయంత్రం షెడ్ల మధ్య మీటింగ్. ఆమె అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను. గొడవ లేచింది. "ఈ వారమే కదా కడుపునిండా తిన్నది" అన్నారు. అబద్ధమేం కాదు. "మళ్ళీ పస్తులంటే పిల్లలు తట్టుకోలేరు." అదీ అబద్ధం కాదు. చివర్లో రంగులేసే అతను లేచాడు. జోడు లేక కళ్ళు చికిలించి అందరి వంకా చూశాడు.

"నేను పడేటప్పుడు ఏమీ అనుకోలేదు. అంత టైము ఉండదు. వల తగిలాక అనుకున్నాను, ఇది ఎవరు కట్టారా అని" అన్నాడు. "అవతల నాలాంటి వాడొకడు ఉంటాడు. నేను రేపు ఎక్కను. మీ ఇష్టం."

పొద్దున సైరన్ మోగింది. అందరూ గేటు దాటారు. కొందరు అప్పటికే మెట్ల మీద సగం దాకా ఎక్కేశారు. ఎవరు ఏం చేస్తారో నాకు తెలీదు. నేను గదిలోకి వెళ్ళాను, లివరు వంక చూశాను, మెయిన్ స్విచ్ కట్టేశాను.

ఫోను మోగింది. పైనుంచి. "కరెంటు పోయిందా?"

"లేదు. నేనే ఆపాను. అవతల వల కట్టేదాకా ఇంతే."

అవతల ఊపిరి శబ్దం. తర్వాత ఫోను పెట్టేశాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఎవరు ఆపమన్నారు నిన్ను?"

"ఎవరూ ఆపమనలేదు సార్."

"జైల్లో వేయిస్తాను, తెలుసా?"

"వేయించండి. అక్కడ మా వదిన ఉంది."

అతను ఇంకేదో అనబోయాడు. అప్పుడు వినపడింది. ముందు పైనెక్కడో ఒక జత బూట్లు, తర్వాత పది జతలు, తర్వాత లెక్క తెలీలేదు. ఇనప మెట్లు నా గది గోడల్లోంచి మోగుతున్నాయి. మేనేజరు తల ఎత్తి పైకప్పు వంక చూశాడు. మావాళ్ళు దిగుతున్నారు.